మనవాళ్లేగా, సర్దుకుంటారు

పిల్లల ఆసుపత్రి, మందుల గది
ఫిబ్రవరి పదకొండో తారీఖు
(అంకెల్లో రాస్తే నీ కంప్యూటరు ఏమనుకుంటుందో తెలియక అక్షరాల్లో రాశాను.)

మహారాజశ్రీ అల్లుడు గారికి,

మేనత్త దీవెనలు, ఆ వెనకే చీవాట్లు.

ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా అత్తా’ అంటావు. నెల రోజులుగా ఒకటే మీటింగ్. ఉత్తరానికైతే మీటింగ్ అడ్డురాదు కదా అని కాగితం తీశాను. మీరందరూ అంతసేపు కూర్చుని మాట్లాడుకుని తయారుచేసిన వస్తువు నిన్న మా గదిలోకి వచ్చింది. చూసి తరించాను.

డాక్టరు రాసిన మందూ మోతాదూ నేను ఇక్కడ కొడితే, పైన వార్డులో పెద్ద నర్సు బల్ల మీద స్టిక్కరు అచ్చయి వస్తుందట. ఆవిడ దాన్ని సీసాకి అంటించి, అందులో ఉన్న లెక్క ప్రకారం బిడ్డకి పోస్తుందట. అంటే నేను కొట్టింది ఎలా అచ్చయిందో నేను చూడను. ముప్పై ఒక్క ఏళ్లుగా నా కళ్లపడకుండా ఈ గదిలోంచి ఒక్క సీసా పైకి పోలేదు. ఇక నుంచి చూడకపోవడమే ఆధునికమట. స్టిక్కర్ల మిషను ఇంకా రాలేదు కాబట్టి వచ్చే నెల దాకా పిల్లలు క్షేమం.

తెర మీద తెలుగు చూసి సంతోషించాను, చదివి మానుకున్నాను. ‘దోషము సంభవించినది, నిర్వాహకుని సంప్రదించుడు’ అని నువ్వు ఎవరితో మాట్లాడతావురా ఇలా? ఏది కొట్టినా ‘విజయవంతం’ అంటుంది. కావాలని గడి ఖాళీగా వదిలేసి నొక్కాను. విజయవంతం. అడుగున ‘సరే’ అని ఒకటే మీట. ‘కాదు’ అనడానికి మీట లేదు. కొత్త కోడలికి కూడా ఇంతకంటే స్వేచ్ఛ ఉంటుంది.

ఇంకొకటి. మొదలుపెట్టగానే ‘మీ ప్రాంతం ఎంచుకోండి’ అంది. బారెడు జాబితా. కంప్యూటర్ల మెకానిక్కూ నేనూ పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాం. మన ప్రాంతం లేదు. ఎంచుకోకపోతే ముందుకి కదలదు. మెకానిక్‌కి భోజనం వేళైంది. అందరికంటే పైన ఉన్న పేరు నొక్కేసి వెళ్లిపోయాడు. ఆ దేశం పేరు పలకాలంటే నాలిక మడతపడుతోంది. అక్కడ వారం సోమవారంతో మొదలవుతుందని మాత్రం తెలిసింది, ఎందుకంటే మా క్యాలెండరులో ఆదివారం వెళ్లి చివర నిలబడింది.

ఇంతకీ ఆ జాబితాలో మనమెందుకు లేమో సెలవిస్తావా? నేను మాత్రం నా చేతిరాత పుస్తకం మానలేదు. ప్రతి మోతాదూ ముందు అందులో మాటల్లో రాసి, తర్వాతే నీ మిషన్లో కొడుతున్నాను.

జూన్ నెలాఖరున రిటైరయ్యేదాకా ఇక్కడే ఉండే
మీ అత్త


ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని వైపు
20/2 (తారీఖు ముందు, నెల తర్వాత. నువ్వు మనిషివి కాబట్టి అర్థం చేసుకుంటావు)

మందుల గది మహారాణికి,

నీ ఉత్తరం మా టీమ్ మొత్తానికీ చదివి వినిపించాను. కొత్త కోడలి మాటకి మా మేనేజరు కూడా నవ్వాడు. ఆయనకి ఆఫీసులో ‘చూద్దాం’ అని పేరు. ఏది అడిగినా అదే జవాబు. ‘కాదు’ మీట సంగతి అడిగితే అదే అన్నాడు.

ఇప్పుడు పాఠం విను. ఇన్నాళ్లూ నువ్వు చెప్పావు, నేను విన్నాను. భాష వేరు, ప్రాంతం వేరు అత్తా. భాష అంటే తెర మీద మాటలు. ప్రాంతం అంటే అలవాట్లు. కొందరు తారీఖు ముందు రాస్తారు, కొందరు నెల ముందు. ఒకచోట వారం ఆదివారంతో మొదలవుతుంది, ఇంకోచోట సోమవారంతో. మనం లక్షలూ కోట్లూ అని విడదీసే చోట వాళ్లు మూడేసి అంకెలు లెక్కపెట్టుకుంటారు. మనం చుక్క పెట్టే చోట కామా పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇలా నలభై ఒక్క ప్రాంతాల పద్ధతులు సరిచూసి కూర్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ‘ప్రాంతీయ అమరికలు’ అని నా బల్ల మీద బోర్డు కూడా ఉంది. జూన్‌లో ప్రమోషన్ వస్తే బోర్డు పెద్దదవుతుంది.

మన ప్రాంతం ఎందుకు లేదంటావా? తెలుగు మాటలు పెట్టామంటే ప్రకటనలో వేసుకోవచ్చని ‘చూద్దాం’ గారు తొందరపెట్టి చేయించారు. అలవాట్లు పెట్టే వేళకి గడువు ముంచుకొచ్చింది. పరాయివాళ్లకి ఒక్కటి తప్పినా కేకలేస్తారు. మనవాళ్లేగా, సర్దుకుంటారు, తర్వాతి విడతలో చేద్దాం అని నేనే రాసి పక్కన పెట్టాను. తప్పా? మన ఇంట్లో మాత్రం? వచ్చినవాళ్లకి కుర్చీలు వేసి మనం గోడకి జారబడమూ?

కాబట్టి నిశ్చింతగా ఉండు. జాబితాలో ఏది నొక్కినా కొంపలేం మునగవు. ఆదివారం చివరికి పోయింది, అంతేగా. ఆ చేతిరాత పుస్తకం ఏదైనా మ్యూజియానికి ఇచ్చెయ్. ‘ఈ కాలపు మనుషులు మోతాదులు చేత్తో రాసేవారు’ అని అద్దాల పెట్టెలో పెడతారు.

నలభై ఒక్క దేశాల అల్లుడు


పిల్లల ఆసుపత్రి, విచారణ కిటికీ
మార్చి పద్దెనిమిది

అల్లుడికి,

పైన చిరునామా మారింది, గమనించు. పొరపాటున రాసింది కాదు. వారం రోజులుగా నేను మందుల గదిలో లేను. గేటు పక్క కిటికీలో కూర్చుని ఎముకల డాక్టరు ఏ గదిలో ఉంటాడో, మరుగుదొడ్డి ఎటు ఉందో చెబుతున్నాను. ఎముకల డాక్టరు ఎక్కడుంటాడో ఆయనకే తెలియదు. రెండోది మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

స్టిక్కర్లు మొదలైంది మార్చి పన్నెండున. మొదటి మూడు బాగానే వచ్చాయి, అయిదూ, పదీ, మళ్లీ అయిదూ. నాలుగోది నాలుగేళ్ల పిల్లకి, మూర్ఛ మందు. డాక్టరు రెండున్నర మిల్లీలీటర్లు రాశాడు. నేను పుస్తకంలో ‘రెండున్నర’ అని రాసుకుని, మిషన్లో 2.5 కొట్టాను. విజయవంతం అంది. పది నిమిషాలకి పెద్ద నర్సు మెట్లు దిగి వచ్చింది. చేతిలో స్టిక్కరు ఉంది.

“ఏవండీ, ఈ మందు బిడ్డకా, ఏనుక్కా?” అంది.

స్టిక్కరు మీద 25 అని ఉంది. మా దగ్గర కొలగిన్నెకి పది గీతలే ఉంటాయి. అది పట్టక ఆవిడ దిగి వచ్చింది. గిన్నె ఇంకాస్త పెద్దదైతే ఏమయ్యేదో నేను ఆలోచించడం లేదు.

సూపరింటెండెంటు ముందు పుస్తకం పెట్టాను. “పుస్తకంలో రాసింది పుస్తకం సంగతి. మిషన్లో 25 ఉంది. మిషను అబద్ధమాడుతుందా అమ్మా?” అన్నారు. నేను ఆడతానని వారి నమ్మకం. మెమో చేతిలో పెట్టారు. మళ్లీ కొట్టి చూపిస్తానన్నాను. మెమో అందుకున్నవాళ్లు మిషను ముట్టుకోకూడదట. మర్నాడు మెకానిక్ వచ్చి, ఆదివారం చివర ఉందని చిరాకుపడి, జాబితాలో ఇంకో పేరు నొక్కాడు. ఇప్పుడు ఎవరు 2.5 కొట్టినా నిక్షేపంలా 2.5 వస్తోంది. కాబట్టి తప్పు నాదేనని తేలిపోయింది.

నువ్వు చుక్కకి బదులు కామా పెట్టేవాళ్లున్నారని రాశావు. ఆ మొదటి పేరు దేశం అలాంటిదేనా? అయితే అక్కడ నా చుక్క ఏమవుతుంది? నాకు తెలియక అడుగుతున్నాను. మీ కంపెనీకి కూడా ఆసుపత్రి వాళ్లు రాశారు. విచారణ ఏప్రిల్ ఇరవై ఆరున. తప్పు నాదని తేలితే మూడు నెలల్లో గౌరవంగా వెళ్లాల్సిన మనిషిని ఆ రోజే పంపిస్తారు. మీ నాన్నకి చెప్పకు. అన్నయ్య కంగారుపడతాడు.

అత్త


ఆఫీసు
మార్చి 27

గౌరవనీయులైన అత్తయ్య గారికి,

నమస్కారాలు. ఇక్కడ ఎండలు ముదిరాయి. ఆఫీసులో మాత్రం చలి. నాకు కొత్త కుర్చీ ఇచ్చారు, వెనక్కి వాలుతుంది. ఆరోగ్యం జాగ్రత్త. నీళ్లు బాగా తాగండి.

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేకపోయాను. మీరు అడిగింది సాంకేతికంగా కొంచెం పెద్ద విషయం, ఉత్తరంలో చెప్పడం కష్టం. కంపెనీ వాళ్లు ఆసుపత్రికి ఏదో జవాబు పంపే ఉంటారు. అది వేరే విభాగం చూస్తుంది.

ఒక్కమాట, కోపగించుకోకండి. కళ్లజోడు మార్చి ఎన్నాళ్లైంది? ఆ రోజు తొందరలో చుక్క మీట సరిగా నొక్కలేదేమో. ఎవరికైనా జరుగుతుంది. విచారణలో ‘పొరపాటైంది’ అని ఒక్క ముక్క అనేస్తే అక్కడితో సరిపోతుంది. ఇంకెన్నాళ్ల సర్వీసని? కొంచెం సర్దుకుపోండి.

మీ
అల్లుడు


పిల్లల ఆసుపత్రి, విచారణ కిటికీ
ఏప్రిల్ ఎనిమిది

ప్రాంతీయ అమరికల అధికారి గారి దివ్యసముఖమునకు,

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మన ఇంట్లో ఎవరూ ఎవర్నీ ‘మీరు’ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తమరు మొదలుపెట్టారు కాబట్టి నేనూ మర్యాద పాటిస్తున్నాను. కొత్త కుర్చీ వెనక్కి వాలుతుందని తెలిసి సంతోషించాను.

తమ కంపెనీ జవాబు నకలు నాకూ ఇచ్చారు. ‘ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు. 25 అని కొట్టినందున 25 అని వచ్చినది. ఇది వాడినవారి పొరపాటు.’ మూడే వాక్యాలు. ఎంత పొందికగా ఉన్నాయో! ఏ విభాగం వారు రాశారా అని కింద సంతకం చూశాను. ఆ సంతకం చివర వెనక్కి తిరిగి పైకి లేచే తోక ఉంది. ఏడేళ్ల పిల్లవాడొకణ్ణి మా వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి సంతకం చెయ్యడం నేర్పాను. తోక ఎందుకురా అంటే, అందంగా ఉంటుంది అత్తా అన్నాడు. తమరు ఎరుగుదురేమో.

ఆ జవాబు మీద తారీఖు మార్చి ఇరవై రెండు. నన్ను కళ్లజోడు మార్చుకోమని రాసింది ఇరవై ఏడు.

ఆ పిల్లవాడే ఒకరోజు బళ్లో రెండున్నరని 25 అని రాసి, అరచేతులు వాచిపోయి వచ్చాడు. చుక్క చీమంత ఉంటుంది, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు, పక్కన మాటల్లో కూడా రాసుకోమని చెప్పాను. నా పుస్తకంలో మాటల్లో రాయడం అలవాటైంది ఆ రోజు నుంచే. వాడికి చెప్పినదాన్ని నేనూ పాటించాలి కదా అనుకున్నాను.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారు. మెమో ఇచ్చినందుకు నాకు ఏడుపు రాలేదు. ఆ తోక చూసి వచ్చింది.

తమరు ఫిబ్రవరి ఇరవైన రాసిన ఉత్తరం నా దగ్గరుంది. చుక్కకి బదులు కామా అనీ, మనవాళ్లేగా సర్దుకుంటారనీ, ఏది నొక్కినా కొంపలేం మునగవనీ తమ చేతిరాతతోనే ఉంది. ఇది విచారణలో పెడితే నా పని అయిపోతుంది. తమ పనీ అయిపోతుంది. పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. అలాగని పొరపాటైందని కూడా అనను. నాలుగేళ్ల పిల్ల ప్రాణం దగ్గర చెయ్యని తప్పుని నెత్తిన పెట్టుకుని ఇంటికి పోలేను. దగ్గరుంటే ఏదో ఒకరోజు కోపంలో బయటపెడతానేమోనని ఆ ఉత్తరం ఇందులోనే పెట్టి పంపుతున్నాను. నకలు తీసుకోలేదు.

విధేయురాలు,
వాడినవారు


ఆఫీసు
ఏప్రిల్ పదిహేడో తారీఖు

అత్తా,

కవరులోంచి నా ఉత్తరం జారిపడగానే కుర్చీలో కూర్చోలేకపోయాను. మెట్ల మీదికి వెళ్లి చదువుకున్నాను. నా జోకులు నాకే రోతగా అనిపించాయి.

నాకు తెలుసు అత్తా. నీ ఉత్తరం అందిన రోజే నా మిషన్లో ఆ మొదటి పేరు పెట్టి 2.5 కొట్టి చూశాను. 25 వచ్చింది. ఆ దేశంలో చుక్క అంటే వేలని విడదీసే గుర్తు. దానికి విలువ లేదని మా ప్రోగ్రాం తీసి పారేస్తుంది. తీసేశానని ఎవరికీ చెప్పదు, విజయవంతం అంటుంది. అంతకంటే ముందు జనవరిలోనే ఒక పశువుల డాక్టరు, దూడకి రాసిన మందు పదింతలు చూపిస్తోందని మాకు రాశాడు. దానికి కూడా ‘వాడినవారి పొరపాటు’ అని జవాబిచ్చింది నేనే. మూడు వాక్యాలూ అప్పుడు రాసినవే. నీకు పంపినప్పుడు అంకె ఒక్కటే మార్చాను.

ఆసుపత్రి పేరు చూసి ‘చూద్దాం’ గారి గదికి వెళ్లాను. అది మా మేనత్త అని చెప్పాను. ఆయన, “అయితే ఇంకా మంచిది, మనవాళ్లేగా, సర్దుకుంటారు” అన్నాడు. నా మాటే నాకు తిరిగి చెప్పాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. జూన్ ప్రమోషన్ గుర్తొచ్చి సంతకం పెట్టాను. తోకతో సహా.

మొన్న మీ సూపరింటెండెంటుకి రిజిస్టరు పోస్టులో పంపాను. మార్చి పన్నెండున మీ గది మిషను ఏ ప్రాంతం మీద నడిచిందో, మర్నాడు ఏ ప్రాంతానికి మారిందో మా దగ్గర చిట్టా ఉంది. అదీ, నా పరీక్షా, పశువుల డాక్టరు ఉత్తరమూ, అన్నీ జతచేశాను. నువ్వు తిప్పి పంపిన ఉత్తరం కూడా పెట్టాను, జోకులు కొట్టెయ్యకుండా. చివర ‘ఈ తప్పు ఆవిడది కాదు. ఈ జాబితా రాసినవాడిదీ, తప్పని తెలిసీ కాదన్నవాడిదీ. ఆ ఇద్దరూ నేనే’ అని రాశాను. ఆ ప్రోగ్రాం నడుస్తున్న ఆసుపత్రులన్నిటికీ అదే రోజు హెచ్చరిక పంపించాను.

నిన్న ‘చూద్దాం’ గారు మొదటిసారి ఇంకో మాట అన్నాడు. ప్రమోషన్ లేదు. బోర్డు తీసేశారు. సోమవారం నుంచి కింది అంతస్తులో ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోవాలి. వెళ్లేలోపు మూడు పనులు చేసి పోతానంటే కాదనే ధైర్యం ఆయనకి లేకపోయింది.

నన్ను క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. నీళ్లు మాత్రం నిజంగానే తాగు.

నీ అల్లుడు


పిల్లల ఆసుపత్రి, మందుల గది
మే మూడో తారీఖు

మహారాజశ్రీ అల్లుడు గారికి,

పైన చిరునామా చూశావుగా.

విచారణలో నీ ఫిబ్రవరి ఉత్తరాన్ని సూపరింటెండెంటే నిలబడి పైకి చదివారు. ఆయన గొంతు గంభీరంగా ఉంటుంది. ‘కొంపలేం మునగవు’ అనే చోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచీ చదివారు. మ్యూజియం మాట దగ్గర పెద్ద నర్సు ఫక్కున నవ్వింది. ఇంతమంది ముందు నన్ను వెక్కిరించిన ఘనత నీకు దక్కింది. ఆ తర్వాత నా పుస్తకం అడిగి తీసుకుని మార్చి పన్నెండు పేజీ తెరిచి, ‘రెండున్నర’ మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. మెమో వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ అన్నారా అంటావేమో, “సరే అమ్మా, వెళ్లి పని చూసుకోండి” అన్నారు. ఆయన దగ్గరా ఒకటే మీట ఉంది.

ఆ నాలుగేళ్ల పిల్ల బాగుంది. వెళ్తూ వెళ్తూ నా కిటికీ ఊచలు పట్టుకుని ఊగి మరీ పోయింది.

నీ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. ఆ మూడు వాక్యాల కింద నువ్వు పెట్టిన సంతకం నేను మర్చిపోను. సూపరింటెండెంటుకి ఆ ఉత్తరం రాయడానికి ఎంత కష్టపడ్డావో కూడా మర్చిపోను. ఉద్యోగం తగ్గిందని అన్నయ్య బాధపడుతుంటే, తగ్గలేదు, ఇప్పుడే మొదలైంది అని చెప్పాను. నెలన్నర కిటికీలో కూర్చుంటే మనుషులు ఏం అడుగుతారో తెలుస్తుంది. నువ్వూ ఫోన్ దగ్గర కూర్చో, మంచిదే.

నీ మూడు పనులూ నిన్న మా మిషన్లోకి వచ్చాయి. జాబితాలో మన ప్రాంతం ఉంది. మెకానిక్ పిలిచి మరీ చూపించాడు. మొదటి స్టిక్కరు పెద్ద నర్సు పట్టుకొచ్చింది. ఇక్కడ అంటిస్తున్నాను చూడు, ‘2.5 మి.లీ. రెండున్నర’ అని అంకె కింద మాటల్లో అచ్చయింది. నా పుస్తకంలోని ‘రెండున్నర’ పక్కన దాన్ని పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.

తెర అడుగున ‘సరే’ పక్కన ‘కాదు’ కూడా వచ్చింది. అన్నీ సరిగానే ఉన్నా ఊరికే ఒకసారి నొక్కి చూశాను. ‘ఏది సరిగా లేదో చెప్పండి’ అంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఈ ఆసుపత్రిలో నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

చెప్పాను. మూడు పేజీలయ్యాయి. అవన్నీ ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చునే అబ్బాయికి వెళ్తాయట.

మనవాడేగా, సర్దుకుంటాడు.

మీ అత్త